భూదేవి వాటా

మా పెద్దబ్బాయి కాలేజీ సెలవులకి స్నేహితులను వెంటేసుకుని ఘంటసాల వెళ్ళివచ్చాడు. అక్కడ బౌద్ధుల దిబ్బ ఉంది కదా, దాని మీదెక్కి, మూట కట్టుకెళ్ళిన పులిహోర తిని, భిక్షువులు పడుకున్న గదుల్లో వీళ్ళూ కాసేపు పడుకుని చూశారట. వచ్చిన దగ్గరనుంచీ అదే పొగడ్త. రెండువేల ఏళ్ళ కిందట మన బందరు పక్కనే అంతమంది ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చి కూచున్నారంటే ఎంత త్యాగం, ఎంత శాంతి అని. నేను బియ్యం ఏరుతూ విన్నంతసేపు విని, వాళ్ళ పెళ్ళాల గదులు ఎక్కడున్నాయో కూడా చూశారా అని అడిగాను. వాడు పకపకా నవ్వి, అమ్మకి ఇవాళ హుషారుగా ఉందని వాళ్ళ నాన్నతో చెప్పాడు.

ఆ ప్రశ్న నాది కాదు. మా మేనత్తది. ఆవిడ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మా వాడికి తెలిసిన ఆవిడ వేరు. తలమీద ముసుగు, చేతిలో జపమాల, పెరటి వసారాలో గోడకి ఆనుకుని ఒక ముసలమ్మ, అంతే. ఆవిడ నవ్వు వాడెప్పుడూ వినలేదు. అందుకే ఇది రాద్దామనిపించింది.

అత్తయ్య నవ్వితే మా వీధి చివర కిళ్ళీ కొట్టు దాకా వినబడేది. నవ్వటానికి ఆవిడకి పెద్ద కారణం అక్కర్లేదు. పాలవాడు నీళ్ళు కలిపి ప్రమాణం చేసినా నవ్వే, మా నాన్నగారు కోర్టుకి వెళ్ళే హడావుడిలో పంచె తిరగేసి కట్టుకున్నా నవ్వే. ఊళ్ళో ఎవరి నడక ఎలా ఉంటుందో నడిచి చూపించేది. పురోహితుడు గారు దక్షిణ చాల్లేదని పైకి అనలేక గొంతు సవరించుకునే తీరు ఒకటి ఉండేది, అది ఆవిడ చేస్తుంటే మేం కడుపులు పట్టుకునేవాళ్ళం. మా అమ్మకి ఇదంతా నచ్చేది కాదు. నవ్వు నాలుగు విధాల చేటు అని ఊరుకోకుండా అంటూండేది. "ఆ నాలుగూ అయిపోయాయి వదినా, ఇది అయిదోది" అనేది అత్తయ్య, అప్పడాల కర్ర ఆపకుండానే.

అయిపోయాయి అనటంలో అబద్ధమేమీ లేదు. ఆవిడకి పుట్టిన మగపిల్లవాడు బారసాలకైనా దక్కలేదు. ఆ తర్వాత ఆవిడ భర్త మాట తగ్గించేశాడు. ఆయన ఎవరో వకీలు గారి దగ్గర గుమాస్తా. పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి నడిచేవాడు. ఒకరిని నొప్పించి ఎరగడు. చెడ్డవాడయితే తిట్టుకోవటానికి వీలుండేది, మంచివాడు కావటమే మాకు చిక్కయింది. ఒక మాఘ పౌర్ణమికి మంగినపూడి సముద్రస్నానానికని బయల్దేరాడు. స్నానం చేసి, పొడిబట్ట కట్టుకుని, చెంబు చేత్తో పట్టుకుని, అటునుంచి అటే వెళ్ళిపోయాడు. మొదట సముద్రం తీసుకుందనుకుని గిలకలదిండి పడవల వాళ్ళ చేత వెతికించారు. నెల తిరగ్గానే బందరు వాడొకడు ఆయన్ని బెజవాడ రేవులో కాషాయంతో చూశానని, పలకరిస్తే కాశీకి వెళ్తున్నానన్నాడని చెప్పాడు. అదే చివరి కబురు.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉంది. దేశాంతరం పోయినవాడి గురించి చివరి కబురు అందిన నాటినుంచి పన్నెండేళ్ళు అజాపజా లేకపోతే, ఇక పోయినట్టే లెక్క. దర్భలతో మనిషి బొమ్మ చేసి, దాన్ని దహనం చేసి, కర్మ చేస్తారు. బొమ్మ కాలిన నాటినుంచి ఆయన భార్య విధవ. మధ్యలో ఎవరన్నా ఫలానా చోట చూశామంటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. కనక అత్తయ్య పుట్టింటికి వచ్చేసినా ముత్తయిదువుగానే వచ్చింది. పావలా కాసంత బొట్టు, మోకాళ్ళు దాటే జడ, చేతినిండా గాజులు. "ఉన్నాడో లేడో ఆయనకి తెలియాలి, నేను మాత్రం ఉన్నాను" అనేది.

లేకపోతే ఏమవుతుందో ఆవిడకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లోనే మా బామ్మ ఉంది, అంటే ఆవిడ తల్లి. నెలకోసారి మంగలి పెరటి దారిన వచ్చి బామ్మ తల చేసి వెళ్ళేవాడు. బామ్మ శుభకార్యాలకి ఎదురు రాకూడదు, ఒంటిపూట తినాలి, కొత్తగా పెళ్ళయిన పిల్లలు పొద్దున్నే ఆవిడ మొహం చూడకూడదు. బామ్మకి అన్నం పెట్టేది, నీళ్ళు తోడేది, కాళ్ళు పట్టేది అంతా అత్తయ్యే. కాని మంగలి వచ్చిన రోజున మాత్రం పెరట్లోకి అడుగుపెట్టేది కాదు. వంటింట్లో కూచుని జడ ముందుకి వేసుకుని చివర్లు దువ్వుకుంటూ ఉండేది. అప్పటికి ఆవిడకి ముప్ఫై నిండలేదు.

ఘంటసాల ప్రయాణం మా మావయ్య పెట్టాడు. ఆయన మా అమ్మ తమ్ముడు, గుడివాడలో చరిత్ర మేష్టరు. అక్కడి దిబ్బలో దొరికిన పూసలు జేబులో వేసుకుని, మర్యాదకి కూడా ఎవరూ అడక్కపోయినా తీసి చూపించేవాడు. దసరా సెలవులకి మా ఇంటికి వచ్చి, బందరులో ఇన్నేళ్ళుండి ఘంటసాల చూడకపోవటం సిగ్గుచేటని నాన్నగారిని ఊదరగొట్టాడు. అమ్మ బామ్మ దగ్గర ఉండిపోయింది. నాన్నగారు, మావయ్య, అత్తయ్య, నేను గూడుబండి ఎక్కాం. నాకు అప్పుడు పదిహేడేళ్ళు. ఆ చలికాలంలోనే నన్ను కాపరానికి పంపాలి. అందుకని నన్ను కాస్త గారాబంగా చూస్తున్నారు.

గూడూరు దాటేదాకా అత్తయ్య మావయ్య వెనకపడింది. ఆయన బౌద్ధుల గురించి చెప్పే ప్రతి మాటకీ ఒక సందేహం. అంతమంది మగవాళ్ళు వండుకోకుండా తిరిపెం ఎత్తుకు తిన్నారంటే ఆ ఊరి ఆడవాళ్ళ రెక్కలు ఏమై ఉంటాయి అంది. తలలు గొరిగించుకునేవాళ్ళంటే, మగవాళ్ళు కూడానా, పోనీలే మా అమ్మకి తోడున్నారు అంది. నాన్నగారు అలాంటి మాటలకి నవ్వేవారు కాదు, ఆ రోజు నవ్వేశారు. బండివాడు వెనక్కి తిరిగి వింటూ ఎడ్లను కాలవ గట్టు దించబోయాడు. ఆ బండి కుదుపుకి ఆవడల గిన్నె నా ఒళ్ళో పడి పెరుగంతా చీరె పాలైంది. అంత సరదాగా నేను మళ్ళీ ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

దిబ్బ చూస్తే పెద్దగా ఏమీ లేదు. ఎవరో దొర వచ్చి తవ్వించాడట, తవ్వినచోట ఇటుకల వరసలు బయటపడి ఉన్నాయి. చెక్కిన పాలరాళ్ళు కొన్ని ఎక్కడెక్కడికో తరలిపోయాయి, కొన్నిటిని అంతకుముందే ఊళ్ళోవాళ్ళు కాల్చి సున్నం చేసుకున్నారు. ఆ సంగతి చెబుతూ మావయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. ఆ సున్నం తాంబూలంలోకి బాగుండి ఉంటుంది అంది అత్తయ్య. ఒకపక్క మోకాలెత్తు గోడలతో చిన్నచిన్న గదులు వరసగా ఉన్నాయి. భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఇక్కడే ఉండేవాళ్ళని మావయ్య వివరించాడు. అప్పుడు అడిగింది అత్తయ్య, మరి వీళ్ళ పెళ్ళాల గదులెక్కడ అని. వాళ్ళు సంసారం వదులుకుని వచ్చినవాళ్ళమ్మా అన్నాడాయన. "అయితే మా ఆయన ఈ బళ్ళో చదువుకున్నవాడే" అని ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాం, కాస్త ఆలస్యంగా.

భోజనాలయ్యాక మగవాళ్ళిద్దరూ తాటిచెట్ల నీడన నడుం వాల్చారు. అత్తయ్యా నేనూ గదుల వెంబడి నడిచాం. ఒక్కొక్క గదిలో దిగి ఆవిడ చేతులు చాచి కొలుస్తోంది. ఇందులో మా ఆయన కాళ్ళు పట్టవు, ఇందులో అసలే పట్టవు అంటోంది. చిట్టచివరి గదిలో దిగబోతుంటే, ఆవల గోడకి పిడకలు చరుస్తున్న ఒక ముసలమ్మ కేకేసింది. ఊళ్ళో రైతు కుటుంబం మనిషి.

"అందులో దిగబాకండమ్మగారూ. అది సాధువు సమాధి."

చూస్తే గది మధ్యన మట్టి కాస్త ఎత్తుగా ఉంది. దాని తలవైపు ఒక ఇత్తడి చెంబు, నిండా నీళ్ళు. ముసలమ్మ చేతులు కడుక్కుని వచ్చి, అడగకుండానే చెప్పుకుపోయింది. ఎవరో సాధువు ఎగువనుంచి వచ్చి ఈ గదుల్లోనే కొన్నాళ్ళున్నాడట. పెడితే తినేవాడు, లేకపోతే లేదు. పేరు చెప్పలేదు. బందరు ఎంత దూరమని మాత్రం ఒకటి రెండుసార్లు అడిగాడట. వెళ్తారా అంటే తల అడ్డంగా ఊపాడట. కలరా వచ్చిన యేడు పోయాడు, ఇప్పటికి మూడేళ్ళు.

అత్తయ్య చెంబు వైపు చూస్తోంది. నేనూ చూశాను. అంచు దగ్గర పెద్ద సొట్ట ఉంది. దాని కింద అక్షరాలు చెక్కి ఉన్నాయి. మా తాతగారి పేరు. పెళ్ళిలో అల్లుడికి పెట్టిన సామాను మీద అందరూ చెక్కించినట్టే చెక్కించిన పేరు. ఆ సొట్ట కొత్తగా కాపరానికి వెళ్ళిన రోజుల్లో అత్తయ్య నూతిగట్టు మీంచి జారవిడిస్తే పడింది. ఆ కథ ఆవిడే నవ్వుతూ మాకు ఎన్నోసార్లు చెప్పింది.

ముసలమ్మకి ఇదేమీ తెలియదు. ఆవిడ చెప్పేది ఆవిడ బాధ.

"నీళ్ళు నీళ్ళని పొద్దస్తమానం అడిగాడమ్మా. కలరా వచ్చినోళ్ళకి నీళ్ళియ్యకూడదంటారు గదండీ, ఇస్తే పోతారని. అందుకని ఇయ్యలా. ఇయ్యకపోయినా పోయాడు. అప్పట్నించీ ఆయన చెంబులోనే రోజూ పోస్తన్నా."

అత్తయ్య కూలబడుతుందేమోనని నేను దగ్గరకి జరిగాను. ఆవిడ కూలబడలేదు. వంగి ఆ సొట్ట మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. తర్వాత జడలోంచి చేమంతులన్నీ తీసి ఆ మట్టి మీద పెట్టింది. ముసలమ్మని చల్లగా ఉండమని చెప్పి బయల్దేరింది. నాలుగడుగులు వేశాక ఆగి, వెనక్కి వెళ్ళి, అందులోంచి రెండు చేమంతులు తీసి మళ్ళీ జడలో పెట్టుకుంది. పూలేవని నాన్నగారు అడుగుతారు కదా. నేను ఏడుపు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంటే నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి గాజొకటి చిట్లి నాకు గీరుకుంది.

"నువ్వేమీ వినలేదు. పన్నెండేళ్ళకి ఇంకా అయిదేళ్ళుంది. ఆ అయిదూ నావి."

బండి ఎక్కాక ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. మావయ్య గురక, బండివాడి దగ్గు, ఆ ఊళ్ళో ఎదురైన కరణం గారి తలపాగా, ఏదీ వదల్లేదు. నాన్నగారు కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. ఎదురుగా కూచుని నవ్విస్తున్న మనిషి గంట కిందటే మొగుడు పోయాడని విన్నదని నాకొక్కదానికే తెలుసు. ఎవరికైనా చెబుదామా అని ఒక్క క్షణం కూడా నాకు అనిపించలేదు. చెబితే మర్నాడే మంగలికి కబురు వెళ్తుంది.

ఆ తర్వాత ఆవిడలో రెండు కొత్త అలవాట్లు వచ్చాయి. ఒకటి, మంచినీళ్ళు తాగేముందు గ్లాసు వంచి కొన్ని నీళ్ళు నేలమీద పోసేది. భోజనం మధ్యలో అయినా, ఎండన పడి వచ్చి గొంతెండిపోతున్నా ముందు ఒలకబొయ్యందే తాగేది కాదు. అమ్మ నేలంతా తడి చేస్తున్నావని విసుక్కునేది. భూదేవి వాటా వదినా అనేది అత్తయ్య. పిల్లలకి అదొక వేళాకోళమై, వాళ్ళూ గ్లాసులు ఒంచి భూదేవి వాటా అని అరిచేవాళ్ళు. అప్పుడు మాత్రం ఆవిడ కసిరేది. పిల్లల్ని ఆవిడ కసరగా నేను చూసింది ఆ ఒక్క విషయంలోనే.

రెండోది ఎవరికీ బొట్టు పెట్టకపోవటం. ఇంటికి వచ్చిన ముత్తయిదువకి వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి పంపటం అంతకుముందు ఆవిడ పనే. ఇప్పుడు కుంకుమ భరిణె ముందుకి జరిపి, పెట్టుకోండమ్మా అని ఏదో పనున్నట్టు లేచిపోయేది. తన నుదుట బొట్టు ఇంకా పెద్దదైంది, ఇంకొకరి నుదుటికి చెయ్యి లేవదు. పెళ్ళిళ్ళలో పసుపు దంచటానికి పిలిస్తే సరిగ్గా ఆ వేళకి తలనొప్పి వచ్చేది. పొగరు తలకెక్కిందని అమ్మ నాతో చెప్పుకుని బాధపడింది. ఆవిడ మాట కాదనటానికి నా దగ్గర నిజం ఉంది, నోరు లేదు.

నన్ను కాపరానికి పంపే రోజున ముత్తయిదువులందరూ వరసగా బొట్టు పెట్టి ఒడిలో పసుపుకుంకాలు వేశారు. అత్తయ్య కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్తే వంటింట్లో ఊరగాయ జాడీకి వాసెన కడుతోంది. భరిణె నేనే తీసుకెళ్ళి ఆవిడ చేతికిచ్చాను. పెట్టు అన్నాను. నువ్వే పెట్టుకో తల్లీ అంది. నాకు కోపం వచ్చింది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి, నాకు జడలు వేసిన చెయ్యి అది.

"నాకేం భయం లేదత్తయ్యా, పెట్టు."

"నాకుంది" అంది ఆవిడ, జాడీ మీంచి తలెత్తకుండా.

నేను బొట్టు లేకుండానే ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి బండి ఎక్కాను. దారిపొడుగునా ఏడిస్తే అత్తవారు పుట్టింటి బెంగ అనుకున్నారు.

అయిదేళ్ళు గడవటానికి ఎంతసేపు. నేను చంటివాణ్ణి ఎత్తుకుని పుట్టింటికి వచ్చేసరికి ఇంట్లో ముహూర్తం పెట్టేశారు. ఆయన తరపున కర్మ చెయ్యటానికి దగ్గరివాళ్ళెవరూ లేరు, నాన్నగారే చెయ్యాలి. నాన్నగారు మనిషి సగమయ్యారు. బెజవాడ, రాజమండ్రి మఠాలకి మనుషుల్ని పంపి వాకబు చేయించారు. నాతో అన్నారు, ఎవడైనా చూశానని ఒక్క మాట చెబితే చాలమ్మా, ఇదంతా ఆపేస్తాను, దాని జడ నేను చేతులారా తీయించలేను అని. ఆయన కళ్ళలోకి చూడలేక నేను పిల్లవాడికి పాలివ్వాలని లోపలికి వచ్చేశాను.

ఆ మధ్యాహ్నం అత్తయ్య పెరటి వసారాలో వత్తులు చేస్తోంది. నేను పక్కన కూచుని మెల్లగా చెప్పాను. మా అత్తవారి వైపు బంధువొకాయన కాశీనుంచి ఈమధ్యే వచ్చారు, ఆయన చూశారని నేను చెబుతాను. ఇంకో పన్నెండేళ్ళు ఎవరూ ఈ ఊసెత్తరు. అత్తయ్య చేతిలో దూది ఆగిపోయింది. ఆ తర్వాత, ఏ ఘాటులో చూశారని చెబుతావు అని అడిగింది. ఆవిడకి ఆశ పుట్టింది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఇద్దరం కలిసి ఆ అబద్ధాన్ని ఓపిగ్గా అల్లాం. ఏం కట్టుకున్నాడు, చేతిలో ఏముంది, పలకరిస్తే ఏమన్నాడు. గడ్డం సగం నెరిసిందని చెప్పు, ఇప్పటికి నెరిసే ఉంటుంది అని ఆవిడే అందించింది. వంగి నడుస్తున్నాడని చెప్పు, లేకపోతే అన్నయ్య నమ్మడు అంది. మునుపటిలాగే నవ్వింది కూడా, బామ్మ మూలగది లోంచి ఏమిటే ఆ నవ్వు అని అడిగేంత.

దాహం వేస్తోందని లేచి కుండలోంచి నీళ్ళు ముంచుకుంది. అలవాటు చొప్పున గ్లాసు వంచింది. నేలమీద పడిన నీళ్ళు మట్టి పీల్చుకునేదాకా చూస్తూ నిలబడింది. గ్లాసు తాగకుండానే కుండ మీద పెట్టేసింది.

"వద్దే. చెప్పొద్దు. నేను బొట్టు పెట్టుకున్నన్నాళ్ళూ ఆయనకి నీళ్ళు లేవు. నేనిలా ఒలకబోసింది ఆయనకి చేరుతుందా? గోత్రం చెప్పి వదలటానికి నేను మగాణ్ణి కాను. అన్నయ్య వదిలితే చేరతాయి. ఎనిమిదేళ్ళయింది ఆయన పోయి. ఇంకో పన్నెండేళ్ళు ఎండబెట్టమంటావా?"

ఆయన నిన్ను వదిలేసి వెళ్ళాడు కదా అన్నాను. అంటున్నప్పుడు నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది. ఆవిడ మళ్ళీ వత్తుల దగ్గర కూచుంది.

"వెళ్ళాడు. వెళ్ళినవాడికి దాహం వెయ్యదా?"

నాకు ఆయన మీద కోపం ఈనాటికీ తగ్గలేదు. నిజం చెప్పాలంటే ఇల్లు వదిలి వెళ్ళి పూజలందుకున్న మగవాళ్ళందరి మీదా అంతో ఇంతో ఉంది, మావయ్య ఏమనుకున్నా సరే. కాని ఆ మాట విన్నాక నేనూ దూది అందుకుని అత్తయ్య పక్కన వత్తులు చేశాను. నాన్నగారికి నేనేమీ చెప్పలేదు.

దర్భలతో, మోదుగ కాడలతో బొమ్మ చేశారు. ఎనిమిదేళ్ళ కిందట మట్టిలో కలిసిన మనిషిని అలా ఇప్పుడు కాల్చారు. పదోరోజున ఆడవాళ్ళందరం కాలవ గట్టుకి వెళ్ళాం. పద్ధతి ప్రకారం జరగాల్సినవి జరిగాయి. గాజులు పగలగొట్టారు. పసుపుతాడు తీశారు. వితంతువులిద్దరు కొంగుతో ఆవిడ నుదురు తుడిచారు, అన్నేళ్ళ కుంకుమ ఒకసారికి పోలేదు, రెండుమూడుసార్లు తుడవాల్సి వచ్చింది. మంగలి పొది పట్టుకుని గట్టు దిగువన తుమ్మచెట్టు కింద కూచుని ఉన్నాడు. అత్తయ్య కంట చుక్క రాలేదు. నా వెనక ఎవరో, రాతి గుండె, ఒక్క బొట్టయినా విడవలేదు అని గుసగుసలాడారు. నేను తిరిగి చూసేసరికి ఊరుకున్నారు.

నాన్నగారు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, ఆయన గోత్రం, పేరు చెప్పి నువ్వులతో నీళ్ళు వదులుతున్నారు. పురోహితుడు మంత్రం చెబుతున్నాడు. మూడు దోసిళ్ళు అయ్యాయి. ఇక రండి, అయింది అన్నాడు ఆయన. నాన్నగారు గట్టు వైపు తిరిగారు. అప్పుడు అత్తయ్య కూచున్నచోటునుంచి లేచింది. ఆవిడ అలా లేవకూడదు, మాట్లాడకూడదు. పక్కవాళ్ళు కొంగు పట్టుకు లాగినా వినలేదు.

"ఇంకా పొయ్యి అన్నయ్యా. దాహంతో పోయాడు."

గట్టు మీద ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటోందనుకున్నారు. నాన్నగారు మాత్రం ఆవిడ మొహం చూశారు, తర్వాత నా మొహం చూశారు. నేను తల దించుకున్నాను. ఆయనకి తెలిసిపోయింది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా తెలుసు అని అప్పుడే కాదు, ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ అడగలేదు. పురోహితుడు శాస్త్రానికి మూడు చాలునండీ అంటున్నాడు. నాన్నగారు ఆ మాట పట్టించుకోకుండా మళ్ళీ కాలవలోకి తిరిగి, గోత్రం చెప్పి, దోసిలి ముంచి వదిలారు. మళ్ళీ ముంచారు. చెల్లెలు చాలు అనేదాకా పోస్తూనే ఉన్నారు. ఆవిడ చాలాసేపటి దాకా అనలేదు.